తెరుచుకోని ఫైలు

ఎవరినైనా గంటసేపు కూర్చోబెట్టవచ్చు గానీ కొరివిని కూర్చోబెట్టకూడదు. ఈ సంగతి పోలీసు డిపార్టుమెంటులో కింది నుంచి పైదాకా అందరికీ తెలుసు. ఆమె ఆ ఉద్యోగానికి రాజీనామా కాగితం మొహాన కొట్టి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని చాలాకాలమైంది. అయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆమెతో పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమేనని ఎవడో కానిస్టేబుల్ అన్నాడట, ఆ రోజు నుంచి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకు కూడా సరిగా గుర్తులేదు. ఉపగ్రహ సమాచార కేంద్రం డైరెక్టర్‌కి ఈ చరిత్ర తెలియదు. అందుకే పదింటికి రమ్మని, విజిటర్ల గదిలో కుర్చీ చూపించి, తన గది తలుపు వేసుకున్నాడు.

పక్క కుర్చీలో, ఈ కేంద్రంలో రోజువారీ ఫైళ్లు చూసే ఆపరేటర్‌కి అక్క కూర్చుని ఉంది. కేసు కొరివికి అప్పగించింది ఆమే. వారం కిందట తల్లి పోయింది. నాలుగు రోజుల కిందట తమ్ముణ్ని పోలీసులు పట్టుకెళ్లారు. కస్టడీ గడువు అయిపోతోంది, ఇవాళ సాయంత్రం వాణ్ని మళ్లీ కోర్టులో నిలబెడతారు. ఏడవడానికి కూడా తీరిక లేని మనిషిలా ఆమె తలుపువైపే చూస్తోంది.

"అమ్మా, మా వాడు బయటికొస్తాడంటారా?"

"వస్తాడు. మళ్లీ ఒక్కసారి చెప్పు, ఆ రోజు ఏం జరిగింది?"

ఆమె చెప్పింది. ఫ్యాక్టరీ వెనక కాలనీ వాళ్లది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక గాలి ఘాటెక్కింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి, జనం తలుపులు వదిలేసి పరుగెత్తారు. పరుగెత్తలేనివాళ్లు నలుగురు పోయారు. వాళ్లలో ఆమె తల్లి ఒకతి. మా గేటు దాటి చిటికెడు గ్యాస్ కూడా బయటికి రాలేదని ఫ్యాక్టరీ వాళ్లు మర్నాడే ప్రకటించారు. చెత్త తగలబెట్టిన పొగ అన్నారు.

"కాలనీ ఖాళీ చెయ్యమని ఏడాదిగా మా వెంటపడుతున్నారమ్మా. మేం కదల్లేదు."

ఆ ప్రకటన అబద్ధమని తేల్చగలిగిన సాక్షి భూమ్మీద లేడు, ఆకాశంలో ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఈ ఊరి మీదుగా ఒక ఉపగ్రహం పోతుంది. గాలిలో ఏ వాయువు ఏ మూల ఎంత ఉందో కొలుస్తుంది. ఆ కొలతలన్నీ ఎక్కడో దూరదేశంలో ఉన్న భాండాగారంలో చేరతాయి. అక్కణ్నుంచి సాయంత్రం నాలుగింటికి ఈ కేంద్రంలోని కంప్యూటర్ ఆ రోజు ఫైలుని దించుకుంటుంది. గ్యాస్ వచ్చిన రోజు ఫైలు మాత్రం తెరుచుకోవడం లేదు. ముందు రోజుది తెరుచుకుంటోంది, తరవాతి రోజుది తెరుచుకుంటోంది, ఆ ఒక్కరోజుదే మొరాయిస్తోంది. ఆపరేటరే దాన్ని పాడుచేశాడని పోలీసులు తేల్చారు. ఎందుకంటే వాడి బావ, ఈ అక్క భర్త, అదే ఫ్యాక్టరీలో వాల్వుల మేస్త్రీ. బావను కాపాడటానికి బావమరిది చేసిన పని అని కేసు రాసేశారు. రాసినవాడు ఎవరో కొరివికి బాగా తెలుసు, అందుకే ఆమెకు ఇంకా మండుతోంది.

పదకొండు దాటాక బయట జీపు ఆగింది. లోపలికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆమెను చూసి ఆగిపోయాడు. అతను ఆమె భర్తకు స్వయానా తమ్ముడు.

"ఏంటి వదినా, ఇక్కడున్నావు? అన్నయ్య బాగున్నాడా?"

"మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. నువ్వే చెడిపోయావు."

"అదిగో, మొదలెట్టావు."

"కన్నతల్లిని చంపిన గాలి గురించి చెప్పే ఫైలుని కొడుకే చెడగొట్టాడని రాయడానికి నీ చెయ్యి ఎలా ఆడిందిరా? తల్లిని సాగనంపి మూడు రోజులైనా కాకముందే అర్ధరాత్రి ఇంటికెళ్లి సంకెళ్లు వేశావట. తెల్లారేదాకా ఆగలేకపోయావా?"

డిపార్టుమెంటులో వదిన కింద పనిచేసిన రోజుల్లోనే అతనికి ఈ గొంతు అలవాటు. మొహం మాత్రం కొంచెం ఎర్రబడింది. "ఫైలు సేవ్ అయ్యింది వాడి పేరు మీద వదినా. నాలుగింటికి, వాడి లాగిన్‌తో. కంప్యూటర్ అబద్ధం చెప్పదుగా?"

"నాలుగింటికి వాడు ఆసుపత్రిలో తల్లి మంచం పక్కన ఉన్నాడు."

"ఫోన్లోంచి చేసుండొచ్చు."

"చేశాడా, చేసుండొచ్చా? నీ కేసు నిండా చేసుండొచ్చులే కనపడుతున్నాయి నాకు."

అప్పుడు తెరుచుకుంది డైరెక్టర్ గది తలుపు. తెల్లచొక్కా నలగకుండా, నవ్వు చెరగకుండా బయటికి వచ్చాడాయన. వేచి ఉండేలా చేసినందుకు క్షమించమన్నాడు, ముఖ్యమైన ఫోన్లు ఉన్నాయన్నాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి మాత్రం రెండు చేతులతో అందుకున్నాడు.

"మేడమ్, మీరు శ్రమపడి వచ్చారు కాబట్టి చూపిస్తాను. కానీ ఇవి వాతావరణ డేటా ఫైళ్లు. మామూలు వాళ్లకి అర్థమయ్యేవి కావు."

"నాకు గాలి లెక్కలు రావు సార్. మనుషుల లెక్కలు వచ్చు. పదండి."

ఆపరేటర్ అక్క కూడా లేచింది. "నువ్వు ఇక్కడే ఉండమ్మా, లోపలికి బయటివాళ్లు రాకూడదు," అన్నాడు డైరెక్టర్. కొరివి ఏదో అనబోయింది గానీ ఆ మనిషి మారుమాట్లాడకుండా కూర్చోవడం చూసి నోరు కట్టేసుకుంది. ఆ కోపం కూడా ఖాతాలో వేసుకుంది.

డేటా గదిలో రెండు బల్లలు. ఒకటి ఆపరేటర్‌ది. దాని మీది కంప్యూటర్‌కి గుడ్డ కట్టి, ముడి మీద లక్క పోసి, పోలీసు ముద్ర కొట్టారు. బల్ల సొరుగులకు కూడా ముద్రలే. ఆఖరికి కుర్చీకి కూడా ఒక చీటీ అంటించి ఉంది. రెండో బల్ల దగ్గర ప్రోగ్రామర్ కూర్చుని ఉంది. నిద్రలేని కళ్లు, ముడేసిన జుట్టు. పాతికేళ్లు దాటి ఉండవు. వీళ్లను చూసి లేవలేదు సరికదా, మరిదిగారి వంక చూసిన చూపులో మర్యాద వాసనే లేదు.

"ఈ అమ్మాయి ఆ ఫైలుని తెరవడానికి నాలుగు రోజులుగా కుస్తీ పడుతోంది," అన్నాడు డైరెక్టర్. "ఇవాళ్టితో ఆపేయమన్నాను. రిపోర్టు రాసేశాం. ఫైలు పాడైంది, తిరిగి రాదు, అంతే."

"సంతకం పెట్టమంటున్నారు. నేను పెట్టను," అంది ప్రోగ్రామర్, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే.

కొరివికి ఆ అమ్మాయి నచ్చింది. కానీ నచ్చినవాళ్లనే ముందు గట్టిగా అడగడం ఆమె అలవాటు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"భాండాగారంలోంచి ఫైళ్లు తెచ్చుకోవడానికి ఒక ఖాతా ఉంటుందటగా. దాని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"ముగ్గురికి. చాదస్తానికి, నాకు, డైరెక్టర్ గారికి."

"చాదస్తం ఎవరు?"

"ఆపరేటర్. మేం అలాగే పిలుస్తాం. ఫైలు వచ్చాక తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూడనిదే ఇంటికి కదలడు మేడమ్. ఆ రోజొక్కటే చూడలేదు. అప్పటికే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది."

"మరి వాడి పేరు మీద సేవ్ ఎలా అయింది?"

"రోజూ వాడి పేరు మీదే అవుతుంది! వాడు రాసిపెట్టిన స్క్రిప్టు అది. నాలుగవగానే దానంతట అదే లేచి, ఖాతాలోకి వెళ్లి, ఫైలు తెచ్చి పెడుతుంది. వాడు ఇక్కడున్నా ఒకటే, ఆసుపత్రిలో ఉన్నా ఒకటే. ఈయనకి మూడుసార్లు చెప్పాను. రాసుకోలేదు."

కొరివి తల తిప్పి మరిదిని చూసింది. అతను గోడమీది గడియారాన్ని చూశాడు.

"ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"సెలవులో. కన్ను ఆపరేషన్ చేయించాను మా నాన్నకి. నన్ను కూడా అనుమానిస్తున్నారా?"

"అందర్నీ అనుమానిస్తాను, డబ్బులు తీసుకునేది అందుకే. చెప్పు, ఆ ఫైలుని తెరవడానికి ఏమేం చేశావు?"

ప్రోగ్రామర్ వేళ్లు మడుస్తూ చెప్పింది. ఫైలు ఉన్న చోటు తప్పేమోనని చూసింది. చదివే అనుమతి ఉందో లేదో చూసింది. చదివే ప్రోగ్రాముని తీసేసి కొత్త వెర్షన్ వేసింది, అది కాదని పాత వెర్షన్ వేసింది. ఇంకో రెండు రకాల ప్రోగ్రాములతో ప్రయత్నించింది. ప్రతిసారీ ఒకటే జవాబు.

"ఏమని?"

"ఫైలు సంతకం దొరకలేదు అని. ఈ రకం ఫైళ్లకి మొట్టమొదట ఒక గుర్తు ఉంటుంది మేడమ్, నాలుగైదు అక్షరాలు. చదివే ప్రోగ్రాము ముందు ఆ గుర్తు చూసి, ఇది మన ఫైలే అనుకుని, అప్పుడు లోపలికి వెళ్తుంది. దాన్నే సంతకం అంటాం."

"చూశారా," అన్నాడు డైరెక్టర్, "అతను ఫైలుని మధ్యలో కత్తిరించాడు. అందుకే చదవడం లేదు."

కొరివి చూపుడువేలితో బల్ల మీద చిన్నగా కొట్టింది. తరవాత ప్రోగ్రామర్‌నే అడిగింది.

"ఈ గుర్తు ఫైలుకి మొదట్లో ఉంటుందన్నావు కదా. మధ్యలోనో చివర్లోనో కత్తిరిస్తే మొదలు పోతుందా?"

ప్రోగ్రామర్ చేతులు కీబోర్డు మీంచి తీసేసింది.

"పోదు," అంది మెల్లగా. "సగంలో తెగిన ఫైలుకి సంతకం ఉంటుంది. అప్పుడొచ్చే ఎర్రర్ వేరు. ఫైలు పూర్తిగా లేదు అని వస్తుంది."

"తలకాయే లేకపోతే?"

"లేకపోతే... అది అసలు ఆ రకం ఫైలే కాదు."

"నాలుగు రోజులు తాళంచెవులు మార్చావు తల్లీ. అది తలుపో, గోడమీద గీసిన తలుపు బొమ్మో చూడలేదు. ఫైలు బరువెంత?"

ఆ అమ్మాయి వేళ్లు పరుగెత్తాయి. ముందు రోజు ఫైలు ఒక సినిమా అంత ఉంది. తరవాతి రోజుది కూడా అంతే. ఆ రోజుది ఫోన్లో తీసుకునే ఫోటోలో పదోవంతు లేదు.

"ఛీ!" అని తల బాదుకుంది ప్రోగ్రామర్. "పేరు చూశాను, తారీఖు చూశాను. సైజు చూడలేదు. వచ్చింది, పాడైంది అని అందరూ అంటుంటే నేనూ పాడైందనే మొదలెట్టాను."

"తరవాత తిట్టుకుందువుగాని. మామూలు రాత ఫైలులా తెరువు."

"మేడమ్," డైరెక్టర్ గొంతు మొదటిసారి పెరిగింది, "అది కేసులో సాక్ష్యం. దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చూస్తూ ఊరుకుంటారా?"

ఇన్‌స్పెక్టర్ అడ్డం వచ్చాడు. "వదినా, ఇక చాలు. సీలు వేసిన కేసు ఇది."

"నువ్వు సీలు వేసింది ఆ కంప్యూటర్‌కి. ఈ అమ్మాయి దగ్గరుంది నకలు. నకలు చూడ్డానికి నీ అనుమతి దేనికి? కావాలంటే నాకూ ఒక సీలు వెయ్యి. కుర్చీకే వేశావు, వదినకి వెయ్యలేవా?"

ప్రోగ్రామర్ ఈ గొడవ ముగిసేదాకా ఆగలేదు. స్క్రీన్ మీద అక్షరాలు దిగాయి. గాలి కొలతలు ఉండాల్సిన చోట అంకె ఒక్కటీ లేదు. కంప్యూటర్ గుర్తుల మధ్య మామూలు వాక్యాలున్నాయి. మీ పేరు, మీ పాస్‌వర్డ్, లోపలికి ప్రవేశించండి.

"ఇది భాండాగారం గుమ్మం," అంది ప్రోగ్రామర్. "లాగిన్ పేజీ! స్క్రిప్టు వెళ్లింది, పాస్‌వర్డ్ ఇచ్చింది, వాళ్లు కాదన్నారు. లోపలికి పోనివ్వకుండా ఈ పేజీ చేతిలో పెట్టారు. స్క్రిప్టుకి తెలివి ఉండదుగా, ఇచ్చిందేదో తెచ్చి, దానికి ఆ రోజు ఫైలు పేరు పెట్టి దాచేసింది. మేడమ్, ఎవరూ దేన్నీ చెరపలేదు. ఫైలు అసలు ఇక్కడికి రానేలేదు!"

"అంటే అసలుది?"

"అక్కడే ఉంటుంది. భద్రంగా. మళ్లీ దించుకుంటే చాలు."

నాలుగు రోజులు. ఒక మనిషి నాలుగు రోజులుగా లాకప్‌లో ఉన్నాడు, పోయిన తల్లి కోసం ప్రశాంతంగా ఏడవనైనా లేకపోయాడు, ఎందుకంటే ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ఫైలు సైజు చూడలేదు. కొరివికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్లీ ఎందుకు దించుకోలేదు ఇన్నాళ్లూ?"

"ఖాతా జోలికి వెళ్లొద్దని రాతపూర్వకంగా ఆర్డరిచ్చారు మేడమ్. విచారణ అయ్యేదాకా అని."

"ఎవరిచ్చారు?"

జవాబు కోసం ముగ్గురూ వెనక్కి తిరిగారు. డైరెక్టర్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని, మంత్రిగారి ఆఫీసు నుంచి అని సైగ చేసి బయటికి నడిచాడు. ఇన్‌స్పెక్టర్ మర్యాదగా తప్పుకుని దారిచ్చాడు.

"పాస్‌వర్డ్ ఆ రోజొక్కటే ఎందుకు పనిచెయ్యలేదు?" అంది కొరివి. "ఆ పేజీ పూర్తిగా చదువు. ఒక్క ముక్క వదలకుండా."

ప్రోగ్రామర్ కిందికి జరుపుతూ చదివింది. అడుగున చిన్న వాక్యం దగ్గర ఆగింది. పాత పాస్‌వర్డ్‌తో వచ్చినవాళ్లకు భాండాగారం వాళ్లు చెప్పే ముక్క అది. మీ పాస్‌వర్డ్ ఆరు గంటల క్రితం మార్చబడింది.

"ఈ పేజీ నాలుగింటికి సేవ్ అయింది," అంది కొరివి. "ఆరు గంటల క్రితం అంటే పొద్దున పదింటికి. గ్యాస్ ఎప్పుడొచ్చింది మరిదిగారూ? ఇది నీ కేసులో ఉండే ఉంటుంది."

"పన్నెండు దాటాక," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంటూనే ఆగిపోయాడు.

"పదింటికి తాళం మార్చారు. పన్నెండు దాటాక గ్యాస్. ఒకటిన్నరకి ఉపగ్రహం. ఇల్లు కాలకముందే నీళ్ల బావి మూసేసినవాణ్ని ఏమంటార్రా? అది లీకు కాదు. ప్రమాదం అంతకన్నా కాదు. ఆ రోజు గాలిలోకి ఏం వదలబోతున్నారో తెలిసినవాడు, అది పైనుంచి కనపడుతుందని తెలిసినవాడు, ముందే సర్దుకున్నాడు. మర్నాడు పాత పాస్‌వర్డే తిరిగి పెట్టేశాడు, మిగతా ఫైళ్లు మామూలుగా రావడానికి. అప్పుడు ఆ ఒక్కరోజు ఫైలే చెడిపోయినట్టు కనిపిస్తుంది, నింద రోజూ ఫైళ్లు చూసేవాడి మీద పడుతుంది. నలుగుర్ని చంపారు. నువ్వు హత్యకేసుని పట్టుకెళ్లి ఫైలు దొంగతనంగా రాశావు."

"వదినా, ఇదంతా నీ ఊహ. ఒక పెద్ద సంస్థ డైరెక్టర్ని పట్టుకుని..."

"నేను డైరెక్టర్ అన్నానా? అన్నది నువ్వు."

ఇన్‌స్పెక్టర్ దవడ బిగిసింది. "మరి పాస్‌వర్డ్ ముగ్గురికి తెలుసన్నారుగా. నా లాకప్‌లో ఉన్నవాడే మార్చాడని ఎందుకనుకోకూడదు? బావ ముందే చెప్పి ఉండొచ్చు. వాడికీ తెలుసు ఉపగ్రహం సంగతి. నీ దగ్గరున్నది కూడా ఉండొచ్చులే కదా!"

మాట పదునుగానే తగిలింది. కొరివి ఒప్పుకుంది, లోలోపలే. ఆపరేటర్ మార్చలేదని ఆమెకు తెలుసు. కానీ తెలియడం వేరు, కోర్టులో నిలబెట్టడం వేరు. సాయంత్రంలోగా అంతకన్నా గట్టిది కావాలి.

"అమ్మాయ్, ఆ ఆర్డరు సంగతి నేను చూసుకుంటాను. ఖాతాలోకి వెళ్లి అసలు ఫైలు దించు. ముందు గ్యాస్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం."

ప్రోగ్రామర్ పేరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. స్క్రీన్ మీద ఎర్రగీత. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టింది, ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుతూ. మళ్లీ ఎర్రగీత.

"నిన్న సాయంత్రం పనిచేసింది," అంది. "నిన్నటి ఫైలు వచ్చింది. ఇదిగో, సినిమా అంతే ఉంది. నిన్న..."

ఎర్రగీత కింద చిన్న వాక్యం ఉంది. అది ఎవరూ పైకి చదవలేదు. చదవకుండానే ముగ్గురికీ కనిపించింది. మీ పాస్‌వర్డ్ గంట క్రితం మార్చబడింది.

ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి మళ్లీ చూశాడు.

గంట క్రితం కొరివి విజిటర్ల గదిలో కూర్చుని ఉంది. ప్రోగ్రామర్ ఈ బల్ల దగ్గర ఎర్రర్లతో కొట్టుకుంటోంది. ఇన్‌స్పెక్టర్ జీపు ఇంకా రాలేదు. ఆపరేటర్ చేతిలో ఫోను కాదుగదా, నడుముకి బెల్టు కూడా లేదు. ఒక్కడు మాత్రం తన గదిలో తలుపేసుకుని ముఖ్యమైన పని చూసుకుంటున్నాడు.

"నీ లాకప్‌లో ఉన్నవాడు మార్చాడా ఇది?" అంది కొరివి. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోతే ఏమిటో మరిదికి తెలుసు.

అతను గబగబా తలుపు తీసుకుని కారిడార్‌లోకి వెళ్లి, అంతకన్నా గబగబా తిరిగొచ్చాడు. "గదిలో లేడు. కారు కూడా లేదు. గేటు దాటి పది నిమిషాలైందట."

"నువ్వే దారిచ్చావుగా. ఇంకా నయం, సెల్యూట్ కొట్టలేదు."

"వదినా, నన్ను తర్వాత తిట్టు. ఇవాళెందుకు మార్చాడు? ఫైలు దొరక్కుండానా?"

"నాలుగు రోజులుగా దొరకని ఫైలు ఇవాళ కొత్తగా దొరుకుతుందని భయమా? నేను వచ్చినందుకే అయితే మంత్రిగారి పేరు చెప్పి నన్ను గేటు దగ్గరే ఆపేవాడు. ఆలోచించు. ఆ రోజు తాళం ఎప్పుడు మార్చారు?"

"పదింటికి."

"ఇవాళ?"

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. ఈసారి తప్పించుకోవడానికి కాదు. పదకొండున్నర అవుతోంది. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఉపగ్రహం మళ్లీ ఈ ఊరి మీదుగా పోతుంది, మళ్లీ గాలిని కొలుస్తుంది. ఆ కొలతలు ఇక్కడికి చేరకూడదని ఒకడు ముందే గుమ్మం మూసేశాడు.

"మళ్లీ వదలబోతున్నారు," అంది ప్రోగ్రామర్. అది ప్రశ్న కాదు.

"కాలనీ ఖాళీ చేయించు," అంది కొరివి. "ఇప్పుడే. జీపులు పంపు, మైకులు పంపు, అంబులెన్సులు పంపు."

"పైనుంచి ఆర్డరు లేకుండా కాలనీ మొత్తం... నేను పొరపాటయితే నా ఉద్యోగం..."

"పొరపాటు చేసి నాలుగు రోజులైంది నువ్వు! ఆ రోజు ఆ ఒక్క మాట అన్నవాళ్లు లేకపోబట్టే నలుగురు పోయారు. ఇవాళ అనగలిగినవాడివి నువ్వు ఎదురుగా నిలబడి ఉద్యోగం గురించి ఏడుస్తున్నావు. ఫోన్ తియ్యి. తియ్యకపోతే మీ అన్నయ్య తమ్ముడివని కూడా చూడను."

అతను ఫోను తీశాడు. స్టేషన్‌కి కలిపి, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. ఫ్యాక్టరీ వెనక కాలనీలో ఒక్క మనిషి మిగలకూడదు. గాలికి అడ్డంగా, ఫ్యాక్టరీకి దూరంగా నడిపించండి. ఆసుపత్రికి చెప్పండి. డైరెక్టర్ కారు నంబరు అన్ని చెక్‌పోస్టులకూ ఇవ్వండి. చెబుతున్నకొద్దీ అతని గొంతులో పాత ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు, ఒకప్పుడు వదిన చేతికింద పని నేర్చుకున్నవాడు. కొరివి కోపం పిసరంత తగ్గింది. అంతకన్నా తగ్గలేదు.

"ఆ ఆపరేటర్‌ని వదిలిపెట్టమను," అంది. "వాళ్లక్క బయట కూర్చుని ఉంది. ఆ మాటేదో నువ్వే వెళ్లి నీ నోటితో చెప్పు."

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో ఏదో చెబుతున్నారు. అతని మొహంలో రంగు దిగిపోతోంది.

"ఏమైంది?"

"వాడు స్టేషన్లో లేడు వదినా."

"లేకపోవడమేంటి?"

"పొద్దున డైరెక్టర్ ఫోన్ చేశాడు. కోర్టుకి పంపేముందు వాణ్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి, బావతో ఎక్కడ నిలబడి మాట్లాడుకున్నాడో చూపించమనండి, కేసు గట్టిపడుతుంది అన్నాడు. మంచి సలహాయే కదా అనుకున్నాను." అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నేనే పంపాను. ఇద్దరు కానిస్టేబుళ్లని తోడిచ్చి. ఈ గొడవలో ఆ సంగతే మర్చిపోయాను. పన్నెండింటికల్లా వాల్వుల దగ్గర ఉంచమని ఆయనే చెప్పాడు. బావ కూడా ఈ షిఫ్టులోనే ఉన్నాడట."

కొరివికి ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. ఇవాళ గ్యాస్ వస్తుంది, మిగిలినవాళ్లు భయపడి కాలనీ వదిలేస్తారు. వాల్వుల దగ్గర శవాలు దొరుకుతాయి. ఒకటి ఆపరేటర్‌ది, ఒకటి వాడి బావది. మొన్న చేసిందీ వీళ్లే, ఇవాళ చేసిందీ వీళ్లే అని రాయడానికి ఎదురు చెప్పే నోరు ఒక్కటి మిగలదు. ఆ రాసే చెయ్యి కూడా సిద్ధంగానే ఉంది, ఎదురుగా ఫోను పట్టుకుని ఉంది.

"కానిస్టేబుళ్లకి ఫోన్ చెయ్యి!"

"చేస్తున్నారు. ఎత్తడం లేదట. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు వదినా, లోపలికి పట్టుకెళ్లనివ్వరు."

ప్రోగ్రామర్ లేచి నిలబడి తలుపువైపు చూస్తోంది. కొరివి తిరిగి చూసింది. డైరెక్టర్ వెళ్లాక అడ్డు చెప్పేవాళ్లు లేక, ఆపరేటర్ అక్క లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపైందో, ఎంత విన్నదో తెలియదు. ఆమె ఇన్‌స్పెక్టర్‌నే చూస్తోంది.

"సార్, మా తమ్ముణ్ని ఎక్కడికి పంపారు? మా ఆయన ఉన్నచోటికేనా?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. కొరివి అతని బెల్టు దగ్గర వేలాడుతున్న జీపు తాళాలు లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని పరుగందుకుంది.